గంజిబండ సాక్షి

ఆమెను సమాధి చేసిన రోజు మా కొత్త పాస్టరుగారు, ప్రసంగంలో చెప్పుకోవడానికని, ఒక చిన్న సంగతి అడిగారు. "ఈ తల్లి పుట్టింది ఏ ఊళ్ళో?" గోతి చుట్టూ నిలబడ్డవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నస్పూర్ బొగ్గుబాయిలో పనిచేసే ఆమె మనవడు తల గోక్కున్నాడు. ఎవరికీ తెలియదు. ఆయన ఇక అడగకుండా పాట అందుకున్నారు.

నా గొంతు మాత్రం ఆ పాటలో కలవలేదు. ఊరి చుట్టూ ఉన్న ప్రతి మూలకూ, ప్రతి మోరీకీ, ప్రతి ఒర్రెకూ ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పిన మనిషి ఆమె. అలాంటి మనిషి ఎక్కడ పుట్టిందో మేము చెప్పలేకపోయాం.

ఆమె పేరు ఇక్కడ రాయను. మేమెవరమూ ఆమెను పేరుతో పిలవలేదు. వాడ మొత్తానికీ ఆమె అవ్వే. సన్నగా, పొడుగ్గా ఉండేది. నడిస్తే గాలికి వంగిన జొన్నకర్రలా ముందుకు వాలి నడిచేది. ఒక చేతిలో బీడీల చాట, ఇంకో చేతిలో చిన్న సత్తు చెంబు. ఆ చెంబు లేకుండా ఆమె గడప దాటినట్టు నాకు గుర్తు లేదు. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా, బజారులో చాయ తాగాలన్నా చెంబు ముందుకు చాచేది. "మా ఇంట్ల గిలాసలు లేవా అవ్వా?" అని మా అమ్మ నొచ్చుకుంటే, "ఉన్నయి బిడ్డా, మంచిగున్నయి, గిలాసలల్ల నీళ్ళు మీరు తాగుండ్రి" అనేది.

మా సంఘంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఎవరైనా లేచి నిలబడి, ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలు చెప్పి, "స్తోత్రం" అని ముగిస్తారు. కూర్చున్నవాళ్ళందరూ "స్తోత్రం" అంటారు. అందరూ ఆ మాట అన్నాకే అది సాక్ష్యం అవుతుంది. అప్పట్లో మాకు మందిరం లేదు. మా ఇంటి వాకిట్లో వేసిన తాటికమ్మల పందిరే మందిరం. దాని గుంజకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని ఆమె కూర్చునేది. ఎవరు లేచి నోరు తెరిచినా ఆమె అడిగేది ఒకే మాట. "ఏడ?"

ఒకసారి ఎడ్లబండి తోలే నర్సయ్య లేచి, "దేవుడు మొన్న నన్ను పెద్ద గండంలకెళ్ళి తప్పిచ్చిండు" అన్నాడు.

"ఏడ?"

"తొవ్వల, అవ్వా."

"తొవ్వ శానా పొడుగుంటది. ఏ జాగల?"

"గాడనే, చింతల కాడ. బండి బోర్లపడ్డది."

"చింతల కాడ అనకు. గొంగడి పోయిన జాగ అను."

"ఏదంటేంది? దేవునికి ఎర్కలేదా?"

"దేవునికి ఎర్కనే. మాకెట్ల ఎర్కైతది? రేపు నా బండి గాడనే బోర్లపడితే?"

"నీకు బండేడిదవ్వా!" అన్నాడు నర్సయ్య. పందిరంతా నవ్వింది. పాస్టరుగారు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

గొంగడి పోయిన జాగ కథ ఆమె చెప్పగా చాలాసార్లు విన్నాను. ఒక గొల్లాయన ఆ చింత కింద గొంగడి కప్పుకుని పడుకున్నాడట. లేచేసరికి గొంగడి లేదు. పొద్దంతా వెతికి, చివరికి చెట్టు మీదే పంచాయితీ పెట్టించాడట. "దాని నీడలనే పండుకున్న, గదే జామీను" అన్నాడట. పెద్దమనుషులు ఆలోచించి, ఆ ఏడు ఆ చెట్టు చింతకాయంతా గొల్లాయనకే అని తీర్పు చెప్పారట. "చెట్టు గూడ ఒప్పుకున్నది, ఎదురు మాట్లాడలే" అని ఆమె ముగించేది.

లక్సెట్టిపేట దారిలో అల్లుడు తిరిగిన మూల ఉంది. భార్యను తీసుకుపోవడానికి వచ్చిన అల్లుడు, అత్తగారింటివాళ్ళు ఎదురొచ్చి పిలుస్తారని ఆ మూల మీద నిలబడ్డాడట. వాళ్ళేమో లోపలికి వస్తాడని ఇంట్లో కూర్చున్నారట. పొద్దు గూకేదాకా నిలబడి అతను అలాగే వెనక్కి తిరిగిపోయాడు. ఇంకోసారి చెప్పినప్పుడు, అత్తగారింటి పొయ్యి మీద మళ్ళీ సొరకాయ కూర వాసన వచ్చిందని తిరిగిపోయాడు అంది. నేను పట్టుకున్నాను. "అవ్వా, పోయినసారి పిలుపు కోసమని చెప్తివి గదా?"

"పిలుపు కోసం నిలవడ్డడు, సొరకాయకు తిరిగిండు. ఒక్క మనిషికి రెండు బాధలు ఉండయా?"

తెలంగాణ కావాలని పిల్లలు బడులు బంద్ చేసిన ఏడాది మాత్రం నాకు లీలగా గుర్తుంది. అప్పుడు వాగు ఒడ్డున కాపలా ఉన్న పోలీసులు ఒక చెట్టు పచ్చి కాయలన్నీ తిని కడుపులు పట్టుకున్నారు. అది పోలీసుమామిడి అయింది. ఆ పేరు పెట్టింది ఆమేనని నా అనుమానం.

నేను హాస్టలులో చదువుకుని వచ్చి ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. పూర్వపు భక్తులు దేవుడు తమకు ఎదురైన చోట రాయి నిలబెట్టి ఆ చోటికి పేరు పెట్టేవారని ఒకరోజు చెబుతున్నాను. వెనక కూర్చుని బీడీ ఆకులు కత్తిరిస్తున్న ఆమె తల ఎత్తింది. "వాళ్ళు గూడ మన తీరుగనే ఉండిర్రు" అంది, సంతోషంగా.

బీడీల గురించి అప్పటి పాస్టరుగారికీ ఆమెకూ ఎడతెగని తగువు. "పొగాకు ముట్టిన చేతులతో ప్రభువు బల్లను ఎట్లా ముట్టుకుంటావమ్మా?" అనేవారు ఆయన. "నేను చుట్టుడే అయ్యగారూ. తాగెటోళ్ళను మీ దిక్కు అరుసుకోండ్రి" అనేది ఆమె. ఆయన మామగారు చెవి మీద బీడీ లేకుండా మా వాడకు రాడని అందరికీ తెలుసు. పాస్టరుగారు అంతటితో ఊరుకునేవారు.

ఇన్ని కథలు చెప్పే మనిషి ఒక్క చోటు దగ్గర మాట్లాడేది కాదు. అది గంజిబండ.

వాడకూ గోదావరికీ మధ్య, పటేలు గారి చెలకలో, ఏనుగు పడుకున్నట్టు ఉండే నల్లటి బండ అది. పైన చదునుగా ఉంటుంది. దాని మీద చిన్నవీ పెద్దవీ గుంతలు. వానాకాలం వాటిలో నీళ్ళు నిలిస్తే పిట్టలు వచ్చి తాగేవి. చేలకు వెళ్ళే దారి దాని పక్కనుంచే. అక్కడికి రాగానే ఆమె చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, చెప్పే కథను మధ్యలో ఆపేసి, బండ దాటాక మళ్ళీ అందుకునేది. "గంజిబండ అని ఎందుకన్నరవ్వా?" అని ఒకసారి అడిగాను. "దానికేముంది" అంది. అంతే.

ఆ పేరు కథ మాకు పటేళ్ళ ఇంటినుంచే తెలుసు. పెద్ద కరువులో వాళ్ళ తాతగారు వాడవాళ్ళకు ఆ బండ దగ్గర గంజి కాయించి పోయించారు. అందుకే గంజిబండ. బడిలో సారు చెప్పినా అదే, చావడిలో విన్నా అదే. మాలో చాలామంది ప్రార్థనలో ఆ తాతగారిని తలచుకునేవాళ్ళం కూడా. చేసిన మేలు మరవకూడదని వాక్యం మాకు నేర్పింది.

ఊళ్ళలో నక్సలైట్లు తిరిగి, పటేళ్ళకు రోజులు బాగాలేనప్పుడు ఆ కుటుంబం సుల్తానాబాద్ పోయి వడ్ల మిల్లు పెట్టుకుంది. కొన్నేళ్ళకు గొడవలు సద్దుమణిగి, ఎన్నికలు దగ్గరపడగానే మనవడు పటేలు తెల్లకారులో మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. మా వాకిట్లో నులకమంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. ఆ ఇంటివాళ్ళు మా వాకిట్లో నీళ్ళు తాగడం అదే మొదలు. ఖాళీ గిలాసను మా బాపు రెండు చేతులతో అందుకున్నాడు.

బాపు సంఘపెద్ద. మా పందిరి రెండుసార్లు గాలికి పోయింది. ఒకసారి ఎవరు పెట్టారో తెలియని నిప్పుకు పోయింది. ఎక్కడ జాగా అడిగినా ఊళ్ళో ఇవ్వలేదు. ఆదిలాబాద్ అడవివైపు నుంచి తెప్పించిన టేకు దర్వాజ ఒకటి మా ఇంటి గోడకు ఆనించి ఏళ్ళుగా నిలబడి ఉండేది. మందిరానికని తెచ్చాడు. మా అమ్మ దాని మీద బట్టలు ఆరేసేది. ఆరేసిన ప్రతిసారీ బాపు తీసి పక్కన పెట్టేవాడు.

"గంజిబండా, దాని చుట్టూ పది గుంటల జాగా మీ దేవునికి రాసిస్త" అన్నాడు పటేలు. "మా తాత పుణ్యం చేసిన జాగ. గాడ గుడి లేస్తే ఆయన ఆత్మకు శాంతి. ఒక రాయి పెడత, ఆయన పేరు మీద. గంతే. గప్పటి గంజి తాగినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ఒక్క అవ్వ ఉన్నది" అన్నాడు బాపు.

"మంచిది. గామెతోని నలుగురిల నాలుగు మాటలు చెప్పిద్దాం."

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. సంతోషంతోనే. కానీ మర్నాటినుంచి సంతోషంలో ఏదో ముల్లు. అవ్వ గంజిబండ గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఏం చెబుతుంది? ఎవరమూ పైకి అనలేదు. నర్సయ్య ఒక్కడే అన్నాడు. "అవ్వ కథ కథకు మారుస్తది. గీ కథను గూడ మారిస్తే మన దర్వాజ మీద మళ్ళ బట్టలే ఆరేస్తం."

పటేలు గుమాస్తా ఎర్రంచు నేతచీర ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. బాపుతో నేను కూడా వెళ్ళాను. ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వేళ్ళు ఆగలేదు.

"అవ్వా, ఆదివారం గీ చీర కట్టుకొని రావాలె. పటేల్ల పెద్దాయన గంజి పోసిండు, మేం తాగి బతికినం. గంత చెప్తే సాలు" అన్నాడు గుమాస్తా.

"గంతేనా?"

"గంతే."

"గది నిజమే గదా. చెప్త."

గుమాస్తా తేలికపడి వెళ్ళిపోయాడు. బాపు మాత్రం కదల్లేదు. గడప దగ్గర గొంతుక్కూర్చుని అన్నాడు. "అవ్వా, నిన్నొకటి అడుగుత. పందిరి కాలిన్నాడు నువ్వు గూడ బూడిదల నిలవడి ఏడ్చినవ్. మనకు గీ జాగ దక్కాలె. అన్నం పెట్టిన చెయ్యిని యాది చేసుకో, సాలు. జర సూసి మాట్లాడు."

ఆమె దారం తెంపింది. "యాది చేసుకుంట కొడుకా. నేను మరిచిందెప్పుడు?"

ఇంటికి వచ్చాక బాపు దర్వాజ మీది దుమ్ము తుడిచాడు.

ఆదివారం ఆమె ఆ ఎర్రంచు చీరే కట్టుకుని వచ్చింది. అది చూసి అందరం తేలికపడ్డాం. బండకు ఎదురుగా షామియానా వేశారు. కుర్చీలో పటేలు, పక్కన పాస్టరుగారు, కొంచెం వెనగ్గా బాపు. కొత్తగా చెక్కించిన నల్లరాయి మీది గుడ్డ తీశారు. కరువులో అన్నార్తులకు గంజి పోసి ప్రాణాలు నిలిపిన పుణ్యమూర్తి జ్ఞాపకార్థం అని ఉంది. పాస్టరుగారు అది పైకి చదివారు. మేము చప్పట్లు కొట్టాం. పటేలు లేచి తన తాత గురించి మాట్లాడాడు. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చున్న సంగతి చెబుతుంటే అతను నిజంగానే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అతను అబద్ధం ఆడుతున్నాడని నేను ఇప్పటికీ అనుకోను. అతనికి తెలిసింది అంతే.

తర్వాత ఆమెను పిలిచారు. మైకు చేతికిస్తే తీసుకోలేదు. చెంబు పట్టుకుని షామియానా దాటి ఎండలోకి నడిచింది.

"ఏడికవ్వా?" అన్నాడు నర్సయ్య.

"సాచ్చెం జాగ మీద చెప్పాలె."

ఆమె బండ ఎక్కింది. మేమందరం కూర్చున్నచోటే వెనక్కి తిరగాల్సి వచ్చింది. పటేలు కుర్చీని కూడా తిప్పారు.

"పటేలా, మీ తాత గంజి పోసింది నిజం" అంది ఆమె. అంత సన్నని మనిషి గొంతు అంత దూరం వినబడుతుందని నాకు అప్పటివరకూ తెలియదు. "నేను తాగిన. బతికిన. గీ రెండు సేతులెత్తి దండం పెడుతున్న." చెంబు బండ మీద పెట్టి చేతులు జోడించింది. పటేలు కూడా జోడించాడు. బాపు కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు.

ఆమె చేతులు దించింది. కానీ స్తోత్రం అనలేదు.

"నేను ఏడ పుట్టిన్నో నాకు ఎర్కలేదు. మా అవ్వ నన్ను సంకల ఏసుకొని నడిచి నడిచి ఈడికచ్చింది, గంజి పోస్తున్నరంటే. ముంతలు, చిప్పలు తొవ్వలనే అమ్ముకున్నం. గీ వాడోళ్ళకు గూడ గప్పటికి ఏం మిగల్లే. ఒకలిద్దరికి పగిలిన చిప్పలు ఉండె. ముందుగల్ల గా చిప్పలల్లనే పోసిర్రు, ఎత్తుమీదికెళ్ళి. గంటె మా చిప్పకు తాకొద్దని. గట్ల పోస్తే సగం కిందనే పడేది. గది సూసి పెద్దాయనకు పానం ఒప్పలే. గింత గంజి ఖరాబైతుంది, బండ కడుగుండ్రి అన్నడు. మంచిగనే కడిగిచ్చిండు, నాకు యాదికున్నది. కడిగిచ్చి గీ గుంతలల్ల పోపిచ్చిండు."

పాస్టరుగారి చేతిలోని పుస్తకం మూసుకుంది.

"మేం వంగి తాగినం. చేతులు పెడితే కాలేది. సల్లారేదాక ఆగుదమంటే కుక్కలు అచ్చేటియి. మేం కుక్కలను కొట్టలే. అవ్వి గూడ ఆకలికే అచ్చినయ్. గందుకే గిది గంజిబండ. రాయి మీద గంజి పోసిన్రని రాసిర్రు. ఏడ పోసిన్రో గది గూడ రాయుండ్రి. గంతే నా సాచ్చెం. స్తోత్రం."

ఎవరూ బదులు పలకలేదు.

నా జీవితంలో ఎన్నో ఆరాధనల్లో కూర్చున్నాను. ఒక సాక్ష్యం తర్వాత అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. స్తోత్రం అంటే జాగా పోతుంది. అనకపోతే, ఆమె బండ మీద ఒంటరిగా నిలబడి ఉంది.

పటేలు లేచాడు. అరవలేదు. కండువా సర్దుకుని, బాపు వైపు తిరిగి, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "నేను కోపానికి రాను. ముసల్ది, మతి తప్పింది. గామె కథలు ఎట్లుంటయో మీరే నాకు చెప్పిర్రు. నువ్వు పెద్దమనిషివి. ఒక్క మాట చెప్పు, అవ్వకు వయసు మీద పడ్డది, గట్లాంటిది జరగలేదని. నలుగురిల చెప్పు. రేపు పొద్దుగాల లక్సెట్టిపేటకు పోయి సంతకం పెడత. చెప్పవా, గిట్లనే పోత."

బాపు లేచి నిలబడ్డాడు. ఎండ పక్కనుంచి అతని ముఖం మీద పడుతోంది. పాస్టరుగారు కుర్చీలోంచే అతని పంచె అంచు పట్టుకుని మెల్లగా అన్నారు. "ఏదో ఒకటి చెప్పు. దేవుని ఇంటికోసమే గదా." వెనకనుంచి ఎవరో ఆడమనిషి "చెప్పు బావా, మళ్ళ పందిరి ఏడ ఏస్తం?" అంది. మా అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని బాపునే చూస్తోంది.

నేను కళ్ళు మూసుకున్నాను. ప్రభువా అన్నాను. ఆ తర్వాత ఏం అడగాలో తెలియలేదు. మందిరం అడిగితే ఆమెను అబద్ధికురాలిని చేయమని అడిగినట్టు. ఆమెను నిలబెట్టమని అడిగితే, కాలిన పందిరి బూడిదలో మోకాళ్ళ మీద ఏడ్చిన మా బాపు. నోట్లో ప్రభువా అన్న మాట ఒక్కటే మిగిలింది.

కళ్ళు తెరిచేసరికి బాపు చెప్పులు విప్పుతున్నాడు. పందిట్లోకి అడుగు పెట్టే ముందు విప్పినట్టు, ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టి, ఎండలోకి నడిచి బండ అంచున ఆగాడు.

"అవ్వా" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "అవ్వా, గప్పుడు గీడ నీతోని ఇంకెవరెవరు ఉండిర్రు?"

ఆ ప్రశ్న ఆమె ఎదురుచూసింది కాదు. ఆమె వంగి, చేత్తో బండను తడుముతూ, ఒక గుంత దగ్గర ఆగింది.

"గిది మీ నాయినమ్మది. లచ్చవ్వ. సంకల మీ బాపు ఉండె, పాలు మరిచిన పోరడు. గంజి నోట్ల పట్టి, సల్లార్చి, వాని నోట్ల పోసేది."

బాపు తండ్రి నేను పుట్టకముందే పోయాడు. బాపు కూడా వాళ్ళ నాయినమ్మను చూసి ఎరగడు. ఆమె పేరు లచ్చవ్వ అని మా ఇంట్లో మాకు ఎవరూ చెప్పలేదు. బాపు బండ ఎక్కి, ఆ గుంత పక్కన మోకాళ్ళూని, అరచెయ్యి అందులో పెట్టాడు. "స్తోత్రం" అన్నాడు. పైకే అన్నాడు.

"స్తోత్రం" అంది మా అమ్మ.

పటేలు "పోదాం పా" అని డ్రైవరుతో అనడం విన్నాను. కానీ అప్పటికే నర్సయ్య లేచి చెప్పులు విప్పుతున్నాడు. "అవ్వా, మా తాత గూడ ఉండెనా?"

"ఉండె. గీ వార. పెద్ద మనిషి, పెద్ద గుంత. పక్కోళ్ళ పిల్లలకు జరిగి జాగ ఇచ్చెటోడు. నీ లెక్క కాదు."

నర్సయ్య నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియదు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఆమె వంగి, తడుముతూ, ఒక్కో గుంత దగ్గర ఒక్కో పేరు చెబుతూ పోయింది. ప్రతి పేరుకూ స్తోత్రం వినబడుతోంది. మొదట ఒకటి రెండు గొంతులు, తర్వాత అందరివీ. చివరికి పాస్టరుగారిది కూడా. కారు దుమ్ము లేపుకుంటూ చెలక దాటింది. ఎవరూ అటు తిరగలేదు.

ఆ జాగా మాకు రాలేదు. చెక్కించిన రాయిని మర్నాడు మిల్లు కూలీలు ట్రాక్టరు మీద తీసుకుపోయారు. మందిరం చాలా ఏళ్ళకు బస్సురోడ్డు పక్కన, రేకుల కప్పుతో లేచింది. రొట్టెముక్కలు ఏరుకునే కుక్కపిల్లల మాట వాక్యంలో వచ్చినప్పుడల్లా పిల్లల ముందు నా పాఠం కాసేపు ఆగిపోతుంది. ఆమెను తర్వాత ఎవరూ తప్పుపట్టలేదని చెప్పలేను. పట్టినవాళ్ళు ఉన్నారు, "చెప్పు బావా" అన్న ఆ ఆడమనిషి తాను చనిపోయేదాకా అవ్వతో మాట్లాడలేదు. అవ్వ మాత్రం ప్రతి ఆదివారం వచ్చి గుంజకు ఆనుకుని కూర్చునేది.

ఆ సాక్ష్యం చెప్పిన సాయంత్రం అందరూ దిగిపోతున్నప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకుని బండ దింపుతున్నాను. అంచున, మిగతావాటికి దూరంగా, ఒక గుంత ఉంది. నున్నగా, లోతుగా, అన్నిటికన్నా చక్కగా ఉంది. దాని దగ్గర ఆమె ఎవరి పేరూ చెప్పలేదు.

"గిది ఎవరిదవ్వా?"

ఆమె దానివైపు చూడలేదు.

"గీ గుంతల రోజు గంజి మిగిలేది బిడ్డా" అంది. "గంజి మిగిలిందంటే, ఆ పొద్దు ఎవలో ఒకలు లేవలేదన్నట్టు."